ఎదురింటికి ఆరు తాళంచెవులు

పిల్లలూ,

"తాతయ్యా, మా వీధిలో దీపస్తంభానికి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒక కాగితం కట్టారు. ఎదురింటిని ఆరుగురికి గదుల లెక్కన అద్దెకిస్తారట. ఎవరిల్లు వాళ్లిష్టం కదా, వీధంతటినీ ఎందుకు అడగాలి?" అని మీలో ఒకరు అడిగారు. ఇంగ్లండ్‌లో పెరుగుతున్న మన పిల్లలు చాలామంది అలాంటి కాగితం పక్కనుంచే బడికి వెళ్తుంటారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు ఒక గిలక బావిని తలచుకోండి. మీరు చూసి ఉండరు. మా చిన్నతనంలో నాలుగైదిళ్లకు కలిపి ఒకటి ఉండేది. ఒక గిలక, ఒక చేంతాడు, ఒక చేద, చుట్టూ రాతి చప్టా. ఒక కుటుంబంలో ఆరుగురున్నా బావికి పెద్దగా తెలియదు. ఒకరు వచ్చి నాలుగు బిందెలు తోడుకుపోతే ఇంటిల్లిపాదికీ సరిపోతాయి. అదే, ఒకరికొకరు సంబంధం లేని ఆరుగురైతే తాడు ఆరుసార్లు దిగుతుంది. ఒకరు తెల్లవారుజామున వస్తారు, ఒకరు రాత్రి పదింటికి. నీళ్లు ఇంచుమించు అంతే ఖర్చవుతాయి. అరిగేది తాడు, బురదయ్యేది చప్టా.

ఎదురింటి సంగతీ ఇంతే. తలలు అవే ఆరు, గడియారాలు మాత్రం ఆరు. ఆరు తాళంచెవులు, ఆరు వేళల్లో తెరుచుకునే వీధి తలుపు, ఆరుగురికి విడివిడిగా వచ్చే పార్సిళ్లు. అందుకే అక్కడి చట్టం తలలతో ఆగకుండా, వాళ్లంతా ఒకే కుటుంబమా కాదా అని కూడా అడుగుతుంది. కుటుంబం ఉండే ఇల్లు 'సి3' తరగతి. బంధుత్వం లేని ముగ్గురి నుంచి ఆరుగురి దాకా వంటగదో స్నానాలగదో పంచుకుంటూ ఉండే ఇల్లు 'సి4'. ఈ రెండో తరగతి 2010 ఏప్రిల్‌లో పుట్టింది. ఇలాంటి ఇంటినే హెచ్‌ఎంఓ (హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్) అంటారు. ఏడుగురు, అంతకు మించి ఉంటే ఆ ఇల్లు ఏ తరగతిలోనూ ఇమడదు. సి3 ఇంటిని అలా మార్చాలంటే ఇంగ్లండ్‌లో ఎక్కడైనా ప్లానింగ్ అనుమతి, అంటే ఇంటి వాడకం మార్చుకోవడానికి కౌన్సిల్ (ఊరిని చూసుకునే స్థానిక పాలక సంస్థ) ఇచ్చే అనుమతి, కావాల్సిందే.

మరి ఆరుగురికి? 2010 అక్టోబరు నుంచి సి3 ఇంటిని సి4గా మార్చడానికి మామూలుగా అడగక్కర్లేదు. అయితే ఒక ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు గుంపుగా పెరుగుతున్నాయనిపిస్తే, కౌన్సిల్ ఆ వెసులుబాటును అక్కడికి రద్దు చేయొచ్చు. దాన్ని ఆర్టికల్ 4 డైరెక్షన్ అంటారు. సాధారణంగా ఏడాది ముందే ప్రకటిస్తారు, లేకపోతే నష్టపోయిన యజమానులకు పరిహారం కట్టాల్సి రావచ్చు. ఆక్స్‌ఫర్డ్, లీడ్స్ 2012లో తెచ్చుకున్నాయి. బర్మింగ్‌హామ్‌లో 2020 జూన్ 8 నుంచి నగరమంతటా ఉంది. మీ స్తంభానికి ఆరుగురి ఇంటి కోసం కాగితం వేలాడుతోందంటే, మీ వీధి అలాంటి గీత లోపల ఉండే అవకాశమే ఎక్కువ.

ఇక్కడ పెద్దవాళ్లు కూడా తడబడేది ఒకటుంది. ప్లానింగ్ అనుమతి వేరు, లైసెన్సు వేరు. బావి ఎక్కడ తవ్వొచ్చో చెప్పేది మొదటిది. తాడు గట్టిగా ఉందా, ఒర కూలిపోతుందా అని చూసేది రెండోది. రెండు కుటుంబాలకో అంతకంటే ఎక్కువ కుటుంబాలకో చెందిన అయిదుగురు, లేదా అంతకు మించి, కలిసి ఉండే ఇంటికి ఇంగ్లండ్ అంతటా లైసెన్సు తప్పనిసరి. 2018 అక్టోబరు 1కి ముందు ఆ ఇల్లు మూడంతస్తులైతేనే ఇది వర్తించేది, ఆ తర్వాత అంతస్తుల లెక్క తీసేశారు. పదేళ్లు దాటిన ఒక్కరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకు తగ్గకూడదు, ఇద్దరికైతే 10.22. మీ గది కొలవండి: 2.1 మీటర్ల వెడల్పు, 3.1 మీటర్ల పొడవు ఉంటే సరిగ్గా 6.51. అటకగదిలో పైకప్పు మీటరున్నర కంటే కిందికి దిగిన చోటు లెక్కలోకి రాదు. యజమానులు తరచూ దెబ్బతినేది అక్కడే. కాగితం మీద పెద్దగా కనిపించిన అటక, టేపు పెట్టాక సగమవుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఒక్క ఇంటికి ఎందుకింత హంగామా? ఒక్క ఇల్లు వీధిని పెద్దగా కదిలించదు. కదిలించేది ఎనిమిదో ఇల్లో, తొమ్మిదో ఇల్లో. అందుకని కొన్ని కౌన్సిళ్లు ఇంటి చుట్టూ 100 మీటర్ల వృత్తం గీసి, అందులోని ఇళ్లలో హెచ్‌ఎంఓలెన్నో లెక్కపెడతాయి. బర్మింగ్‌హామ్, బ్రిస్టల్‌లో హద్దు 10 శాతం. ఆ వృత్తంలో 60 ఇళ్లున్నాయనుకోండి. ఆరో హెచ్‌ఎంఓతో సరిగ్గా 10 శాతం, ఏడోది వస్తే 11.7. ఏడోవాడు ఎంత చక్కని ఇల్లు కట్టినా అక్కడ లెక్క అడ్డొస్తుంది. ఆక్స్‌ఫర్డ్ వృత్తం గీయదు, వీధి పొడవునా 100 మీటర్లు కొలుస్తుంది, హద్దు 20 శాతం. ఒక ఊరికి 10, ఇంకో ఊరికి 20 అంటేనే తెలుస్తోంది కదా, ఇది లెక్కల పుస్తకంలో పుట్టిన అంకె కాదు, జనం వాదించుకుని గీసుకున్న గీత. శాతం దాటకపోయినా మరో అడ్డు ఉంది: ఒక కుటుంబం ఇల్లు రెండు హెచ్‌ఎంఓల మధ్య ఇరుక్కోకూడదని కూడా బర్మింగ్‌హామ్, బ్రిస్టల్ నియమం.

లెక్క తప్పేది ఎక్కడ? లైసెన్సున్న ఇళ్ల పట్టిక కౌన్సిల్ దగ్గర అందరూ చూడొచ్చు. కానీ ముగ్గురు, నలుగురు ఉండే చిన్న ఇళ్లకు చాలాచోట్ల లైసెన్సు అక్కర్లేదు గనక అవి పట్టికలో ఉండవు. పట్టికొకటే నమ్ముకుంటే తక్కువ తేలుతుంది.

చప్టా మీది బురద దగ్గరికొద్దాం. మామూలు చక్రాల చెత్తడబ్బా 240 లీటర్లు. అలాంటివి మూడు నాలుగు నిలబెట్టడానికి ఇంటి ముందు చోటు లేకపోతే అవి కాలిబాట ఎక్కుతాయి, పసిపిల్లల బండి రోడ్డు మీదికి దిగుతుంది. ఏ డబ్బా ఏ రోజు బయటపెట్టాలో కొత్తగా దిగినవాళ్లకు తెలియదు, చెప్పే పని ఎవరూ నెత్తినేసుకోరు. తప్పు ఆ కొత్తవాళ్లది కాదు, పనిని ఎవరూ తమదనుకోకపోవడంలో ఉంది. నిజానికి 2006 నాటి నిర్వహణ నియమాలు డబ్బాల పూచీని ఇల్లు చూసే మేనేజరుకే అప్పజెప్పాయి: సరిపడా డబ్బాలు పెట్టాలి, తన పేరు, చిరునామా, ఫోను నంబరు ఇంట్లో అందరికీ కనిపించేలా అంటించాలి.

చప్పుడు ఇంకా చిత్రమైనది. మంటలు వ్యాపించకుండా ఇలాంటి ఇళ్లలో అరగంట సేపు నిప్పును ఆపే తలుపులు, వాటంతటవే మూసుకునేలా పైన ఒక మర పెడతారు. ప్రాణం కాపాడే ఆ తలుపే రాత్రి పన్నెండింటికి ధన్‌మని కొట్టుకుని పక్కింటి గోడ అదరగొడుతుంది. ఆ మరకు వేగం తగ్గించే చిన్న స్క్రూ ఉంటుంది. చివరి జానెడు నెమ్మదిగా వెళ్లి గడియ పడేలా తిప్పితే చాలు. ఏళ్ల తరబడి నడిచే పొరుగు తగాదాలు కొన్ని ఆ స్క్రూ దగ్గర తీరిపోతాయి. (బావి పోలికను ఇక్కడిదాకా లాగలేను, తాడు తెగుతుంది.)

కార్ల సంగతి తక్కువే చెబుతాను. వాటిని పగలు లెక్కపెడితే ప్రయోజనం లేదు, అందరూ ఇళ్లకు చేరిన అర్ధరాత్రి దాటాక లెక్కపెట్టాలి.

కాగితం కట్టాక అభిప్రాయం చెప్పడానికి 21 రోజులు. నిర్ణయానికి మామూలు గడువు 8 వారాలు, పొడిగించుకోవచ్చు కూడా. ఎక్కువ దరఖాస్తులు అధికారి బల్ల మీదే తేలతాయి, కొన్నే కౌన్సిలర్ల కమిటీకి వెళ్తాయి. అనుమతి నిరాకరిస్తే దరఖాస్తుదారు 6 నెలల్లోపు ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు (ఇలాంటి అప్పీళ్లు తేల్చే ప్రభుత్వ సంస్థ) అప్పీలు చేసుకోవచ్చు. అనుమతి ఇస్తే మాత్రం పొరుగువాళ్లకు అలాంటి అప్పీలు లేదు. కాబట్టి చెప్పేదేదో ఆ మూడు వారాల్లోనే సరిగ్గా చెప్పాలి.

సరిగ్గా అంటే? "మా ఇంటి ధర పడిపోతుంది" అని రాస్తే పక్కన పెడతారు. "ఎలాంటివాళ్లొస్తారో" అని రాస్తే దానికి విలువ లేదు, ఉండకూడదు కూడా. ఆ ఆరుగురిలో ఒకరు రాత్రి డ్యూటీ చేసే నర్సు కావచ్చు, ఎంఎస్సీ చదవడానికి గుంటూరు నుంచి దిగిన మన అన్నయ్యే కావచ్చు. వాళ్లకూ తలదాచుకునే చోటు కావాలి. ప్లానింగ్ చూసేది ఇంటి వాడకాన్ని, వాడేవాళ్ల మొహాలను కాదు. "ఇంటి ముందు స్థలం మీటరున్నరే, నాలుగు డబ్బాలు ఎక్కడ నిలబెడతారు? మా పడకగది గోడకు ఆనించి వాళ్ల కొత్త పడకగది వస్తోంది, శబ్దం ఆపే పొర వేస్తారా?" అని రాస్తే అధికారి కలం తీస్తారు. వద్దనడమొక్కటే దారి కాదు, షరతులు అడగొచ్చు: ఇంతమందికి మించి ఉండకూడదని, డబ్బాలకు మరుగు, సైకిళ్లకు తాళం పడే షెడ్డు ముందే కట్టాలని.

రేపు బడి నుంచి వచ్చేటప్పుడు మీ ఇంటి దగ్గర మొదలుపెట్టి 100 మీటర్లు నడవండి. మీ అడుగులకు నూట అరవై, నూట ఎనభై అవుతుందేమో. తలుపు పక్కన గంటలు ఎన్ని, ముందున్న డబ్బాలు ఎన్ని, ఏ చోట కాలిబాట సన్నబడుతోందో పుస్తకంలో రాసుకోండి. కిటికీల్లోకి తొంగి చూడొద్దు, పేర్లు రాయొద్దు. తిరిగొచ్చేటప్పుడు స్తంభం దగ్గర ఆగి, కాగితం కింద చివరి తేదీ చదివి అమ్మకు చెప్పండి. కవర్లోకి వాన దిగితే సిరా కరిగిపోతుంది, ఆలస్యం చేయకండి.

మీ
తాతయ్య