పండ్ల సందు: మొదటి నుంచీ ఉన్నదా, మధ్యలో వచ్చిందా?

"మేడం, ముందు పండ్ల నడుమ సందుంటే అదృష్టమంటరు గదా, మీరేమో చూపించుకోమంటున్నరు?" నల్గొండలో పండ్ల డాక్టరుగా ఈ మాట వినని నెల లేదు నాకు. అదృష్టం సంగతి జాతకాలు చూసేవాళ్లను అడగండి. నేను మాత్రం ఒక్కటే అడుగుతాను, ఆ సందు చిన్నప్పటి నుంచీ ఉన్నదా, ఈ మధ్య వచ్చిందా అని. గుర్తు లేదంటే ఫోన్లో పెళ్లి ఫొటో తీయమంటాను. పెళ్లినాడు లేని సందు నలభై ఏళ్లకు కనబడుతోందంటే ముందు చిగుళ్లు చూడాల్సిందే.

అపోహ: సందు ఉంటే పండ్లు తొందరగా పాడవుతాయి.

ఏ సందు అన్నదాన్ని బట్టి ఉంటుంది. దవడ పెద్దదై పండ్లు చిన్నవైతే, లేదా పై పెదవిని చిగురుకు కలిపే కండ కాస్త కిందికి దిగి ఉంటే పుట్టుకతోనే వెడల్పాటి సందు వస్తుంది. అందులో అన్నం మెతుకు పడ్డా నాలుకతో తోస్తే బయటికొస్తుంది, బ్రష్షు కూడా బాగా తిరుగుతుంది. అందం కోసం మూయించుకుంటే మీ ఇష్టం, రోగం అని మాత్రం కాదు. అసలు తిప్పలు దవడ పండ్ల మధ్య ఉండీ లేనట్టుండే సన్న సందుతో. మటన్ పీచు, మక్కకంకి పొట్టు అందులో దూరితే రెండు రోజులైనా రాదు, అక్కడే చిగురు వాస్తుంది, పన్ను పక్క నుంచి పుచ్చుతుంది. ఆ పుచ్చు అద్దంలో కనబడదు, ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది.

అపోహ: ఇరుక్కున్నది పిన్నీసుతో తీస్తే సరి.

పిన్నీసు, అగ్గిపుల్ల, చీపురు పుల్ల, ఒకాయనైతే బండి తాళంచెవితో! రోజూ అట్లా పొడిస్తే పండ్ల మధ్య ముక్కోణంలా ఉండే చిగురు అణిగిపోతుంది, సందు ఇంకా తెరుచుకుంటుంది, రేపు ఇంకా ఎక్కువ ఇరుక్కుంటుంది. సన్న సందుకు ఫ్లాస్ దారం, వెడల్పు సందుకు సీసాలు కడిగే బ్రష్షులాంటిదే బుల్లి బ్రష్షు, మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు. సైజులుంటాయి, నెట్టకుండా దూరేదే మీ సైజు. యాపపుల్ల వాడేవాళ్లను నేను మానమనను కానీ అది సందుల్లోకి పోదు. ఇంకో మాట, ఎప్పుడూ ఒకే చోట ఇరుక్కుంటోందంటే అక్కడ పుచ్చో, సరిగా కుదరని ఫిల్లింగో ఉండి ఉంటుంది.

అపోహ: క్లీనింగ్ చేయిస్తే సందులు పడి పండ్లు వదులైతాయి.

దీని మీద నేను గొంతు పోయేదాకా మాట్లాడాను. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కింది ముందు పండ్లకు లోపలి వైపు గార గోడ కట్టినట్టు ఉంది. తీసేశాక అద్దంలో చూసుకుని, "బిడ్డా, మంచిగున్న పండ్లకు సందులు చేసినవు" అన్నాడు. ఆ సందులు మిషన్ చేసినవి కావు. గార కింద చిగురు జారి, ఎముక కరిగి ఏళ్ల కిందే ఏర్పడ్డాయి, మధ్యలో గార సిమెంటులా నిండి ఉండేసరికి తెలియలేదు. వాచిన చిగురు వాపు దిగినప్పుడు కూడా సందు పెద్దగా కనిపిస్తుంది, కొన్ని రోజులు చల్లనీళ్లకు జివ్వుమంటుంది. ముందే చెప్పకపోవడం మా డాక్టర్ల తప్పు, ఒప్పుకుంటాను.

అపోహ: వయసు మీదపడితే సందులు రావడం మామూలే, నొప్పి లేదు కదా.

చిగుళ్ల జబ్బు చాలా ఏళ్లు నొప్పి లేకుండానే నడుస్తుంది. బ్రష్షు మీద రక్తం, పొద్దున నోటి వాసన, తర్వాత ముందు పండ్లు విసనకర్రలా విచ్చుకోవడం. షుగర్ అదుపులో లేనివాళ్లకు ఇది తొందరగా ముదురుతుంది. సిగరెట్, బీడీ తాగేవాళ్లకు రక్తం తక్కువ కారుతుంది, అందుకే చిగుళ్లు బాగానే ఉన్నాయనుకుని మోసపోతారు. ఇట్లా వచ్చిన సందును చిగుళ్లకు వైద్యం చేయకుండా క్లిప్పులతోనో ఫిల్లింగుతోనో మూయడం అంటే పునాది చూడకుండా గోడకు సున్నం వేయడమే. దవడ పన్ను పీకించుకుని ఖాళీ వదిలేసినా అంతే, పక్క పన్ను అటు ఒరుగుతుంది, పైది కిందికి దిగుతుంది, కొత్త సందులు పడతాయి.

అపోహ: పిల్లల సందులకు వెంటనే క్లిప్పులు వేయించాలి.

పాలపండ్ల మధ్య సందులుంటే సంతోషించండి, తర్వాత వచ్చేవి పెద్దవి, వాటికి చోటు కావాలి. ఏడెనిమిదేళ్లకు వచ్చే పై ముందు పండ్లు ఎడంగా ఉన్నా, 11-12 ఏళ్లకు కోరపండ్లు దిగేసరికి చాలామందికి దగ్గరవుతాయి. వేలు చీకడం, మింగినప్పుడు నాలుకతో పండ్లను ముందుకు తోయడం ఉంటే మాత్రం ఆగకండి.

అపోహ: మన ఫ్లోరైడ్ నీళ్ల వల్లే సందులు.

మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చేవాళ్లు అడుగుతారు. పన్ను చిగురు లోపల తయారయ్యే చిన్న వయసులో, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగితే పండ్ల మీద గోధుమ మచ్చలు, గుంటలు పడతాయి, అంచులు రాలుతాయి. పండ్లు జరగడం దాని పని కాదు. కాకపోతే బాగా ముదిరిన ఫ్లోరోసిస్ పన్ను మీద సందు మూసే ఫిల్లింగ్ సరిగా పట్టుకోదు, కాబట్టి ఎన్నాళ్లు ఉంటుందో ముందే అడగండి.

ఇక, ముందు పండ్లకు రబ్బరు బ్యాండు చుట్టి సందు మూసుకునే వీడియోలు. పన్ను వేరు కొస వైపు పోయేకొద్దీ సన్నబడుతుంది, అందుకే రబ్బరు అటే జారుతుంది, చిగురు లోపలికి పోయి ఎముకను తినేస్తుంది, ఏ పుచ్చూ లేని పండ్లు రెండూ ఊడిపోతాయి. ఇప్పుడు మీ పండ్లకు రబ్బరుంటే ఈ రోజే తీసేయించండి. పెట్టింది రాత్రి ఎక్కడో పడిపోయిందనుకుంటున్నారా, అయితే ఇంకా తొందరగా రండి, అది చిగురు లోపలే ఉండొచ్చు, మామూలు ఎక్స్‌రేలో కూడా రబ్బరు సరిగా కనబడదు.