మిడ్‌వెస్ట్ రైతు క్లబ్బులు: అపోహలు - వాస్తవాలు

అమెరికా మిడ్‌వెస్ట్‌లో (మధ్య పడమటి రాష్ట్రాల్లో) పాత రైతు సంఘాల మినిట్స్ పుస్తకాలు, అంటే మీటింగుల్లో జరిగినవి రాసిపెట్టుకున్న పుస్తకాలు చదివి, జాబితాలు రాసి, భద్రపరచడం నా పని. వాటిని చూడ్డానికొచ్చే మన తెలుగువాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: ఊరంతా ఒకచోటే ఉండేవాళ్లు కదా, క్లబ్బులు వాటంతటవే పుట్టాయి.

అసలు మన ఊరులాంటి ఊరే అక్కడ లేదు. నేలను చదరపు ముక్కలుగా కొలిచి ఇచ్చారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు తీసుకున్నవాళ్లు ఆ పొలంలోనే ఇల్లు కట్టుకుని కాపురం ఉండాలి. దాంతో ఇంటికీ ఇంటికీ మధ్య పొలాలే. మంచు పడితే పక్కింటివాళ్ల మొహం చూడటమే గగనం. అందుకే పట్టుబట్టి క్లబ్బులు పెట్టుకున్నారు. చాలాచోట్ల పౌర్ణమికి దగ్గర్లో పడే శనివారం మీటింగ్ పెట్టేవాళ్లు, రాత్రి బండి తోలుకుని ఇంటికి వెళ్లడానికి వెన్నెల ఉండాలిగా! కలిసేది సాధారణంగా ఒంటిగది బడిలో.

అపోహ: ఆడవాళ్లు వంటకే పరిమితం.

వంట వాళ్లే చేశారు, అది నిజం. కానీ ఊరూరా శాఖలున్న దేశవ్యాప్త రైతు సంఘం 'గ్రేంజ్' 1867 డిసెంబర్ 4న పుట్టినప్పుడు స్త్రీలకు పూర్తి సభ్యత్వం ఉండాలన్నది వ్యవస్థాపకుడు ఆలివర్ కెల్లీ మేనకోడలు కరొలైన్ హాల్ పట్టుదల. కొత్త శాఖ పెట్టాలంటే కనీసం తొమ్మిది మంది మగవాళ్లతో పాటు నలుగురు ఆడవాళ్లు కావాల్సిందే. దేశమంతటా స్త్రీలకు ఓటు హక్కు రావడానికి 1920 దాకా పట్టింది, గ్రేంజ్‌లో మాత్రం అంతకు అరశతాబ్దం ముందే ఓటేశారు. అయితే మరీ మురిసిపోనక్కర్లేదు. స్త్రీలకని ప్రత్యేకించిన పదవులు చాలావరకు సిరీస్, పొమోనా, ఫ్లోరా అనే రోమన్ దేవతల పేర్లతో ఉన్న అలంకార పీఠాలే.

అపోహ: గ్రేంజ్ ఒక రాజకీయ పార్టీ.

మీటింగ్‌లో పార్టీల గురించి, మతం గురించి మాట్లాడకూడదని నియమం. బయట మాత్రం రైళ్ల కిరాయిల మీద, ధాన్యం ఎలివేటర్ల (ధాన్యం నిల్వచేసే గిడ్డంగుల) ఛార్జీల మీద గట్టిగానే పోరాడారు. ఇల్లినాయ్ రాష్ట్రం ఆ ఛార్జీలకు పరిమితి పెట్టడం సబబేనని 1877లో 'మన్ వర్సెస్ ఇల్లినాయ్' కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: చౌకగా సరుకులు కొనుక్కోవడమే అసలు పని, తిండీ పాటా పైపై సరదా.

నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇదే. కలిసి కొన్నారు, నిజమే. 1872లో షికాగోలో మొదలై, పోస్టులో సరుకులు అమ్మిన మాంట్‌గొమరీ వార్డ్ కంపెనీ గ్రేంజ్ సభ్యులనే నమ్ముకుని ఎదిగింది. కానీ సంఘాలు సొంతంగా పెట్టిన వ్యాపారాలు చాలావరకు మునిగాయి. అయోవా గ్రేంజ్ కోత యంత్రాల తయారీలోకి దిగి చేతులు కాల్చుకుంది. 1875 నాటికి ఎనిమిది లక్షలు దాటిన సభ్యత్వం అయిదేళ్లలో కుప్పకూలింది. అయినా కొన్ని శాఖలు నిలబడ్డాయి. నేను చదివిన మినిట్స్‌ని బట్టి వాటిని నిలబెట్టింది ఆ తిండీ పాటానే.

'లెక్చరర్' అనే పదవి ఒకటి ఉండేది. ఆయనో ఆమెనో ఉపన్యాసాలు దంచేవాళ్లు అనుకోకండి, ఆ పూట కార్యక్రమం కూర్చడం వాళ్ల పని. హాజరు పిలిస్తే 'ఉన్నాను' అనకుండా ఒక సూక్తో, తాము చేసి చూసిన సేద్యపు చిట్కానో చెప్పాలి. ఆ తర్వాత పాట, వ్యాసం, 'గోధుమ లాభమా, పాడి లాభమా' తరహా వాదన. క్లబ్బుకు డబ్బులు కావాలంటే బాక్స్ సోషల్ పెట్టేవాళ్లు. ఆడపిల్లలు కట్టి తెచ్చిన భోజనం పెట్టెలను వేలం వేస్తారు. పాడుకున్నవాడు ఆ పెట్టె తెచ్చిన అమ్మాయి పక్కన కూర్చుని తినొచ్చు. ఎవరి పెట్టె ఏదో పైకి తెలియనివ్వరు, కుర్రాళ్లు మాత్రం ముందే ఆరా తీసేవాళ్లట!

అపోహ: అందరికీ తలుపులు తెరిచే ఉండేవి.

గ్రేంజ్‌లో రహస్య క్రతువులుండేవి. లూథరన్, కాథలిక్ చర్చిలకు అవి నచ్చలేదు. దాంతో జర్మన్, స్కాండినేవియన్ రైతుల్లో చాలామంది దూరంగానే ఉన్నారు. వాళ్ల సందడంతా చర్చి ఆవరణలోనే.

అపోహ: సర్కారు అధికారి వచ్చాకే రైతుకు కొత్త సంగతులు తెలిశాయి.

కౌంటీ ఏజెంట్లకు (రైతులకు సలహాలిచ్చే స్థానిక అధికారులకు) దేశవ్యాప్తంగా నిధులిచ్చిన స్మిత్-లీవర్ చట్టం 1914ది. విస్కాన్సిన్ 1885లోనే రైతు సదస్సులకు డబ్బు కేటాయించింది. 1890లో అక్కడి ప్రొఫెసర్ స్టీఫెన్ బాబ్‌కాక్ పాల పరీక్ష కనిపెట్టాక, దాన్ని ఇలాంటి సదస్సుల్లో జనం ముందే చేసి చూపించారు. సన్న మెడ సీసాలో 17.6 మిల్లీలీటర్ల పాలు పోసి, దాదాపు అంతే సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపి, గిర్రున తిప్పి, వేడినీళ్లు పోస్తే వెన్న మెడలోకి తేలుతుంది. మెడ మీద గీతలు చూసి శాతం చదివేయొచ్చు. అంతదాకా తూకాన్నిబట్టే డబ్బులు గనక, నీళ్లు కలిపినవాడికీ చిక్కటి పాలు పోసినవాడికీ ఒకటే రేటు. బాబ్‌కాక్ దీనికి పేటెంట్ తీసుకోలేదు.

బోధన, పరిశోధన, విస్తరణ (కొత్త సంగతులను రైతు దాకా చేర్చడం) మూడూ ఒకే గొడుగు కింద ఉండే అమెరికా వ్యవసాయ విశ్వవిద్యాలయాల పద్ధతి తర్వాత మన దాకా వచ్చింది. 1964లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తొలి రోజుల్లో తోడ్పడింది మిడ్‌వెస్ట్‌లోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీయే.