కిలో లోపు పుట్టినవాళ్లు పెద్దవాళ్లయ్యాక

1022లోంచి 13 తీసేయాలి. వచ్చినదాంట్లోంచి మళ్లీ 13. అలా పైకి చెబుతూ పోవాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వరు, తల కూడా ఊపరు. ఒక్క అంకె తప్పితే మళ్లీ 1022 దగ్గరికి రావాల్సిందే. మధ్యమధ్యలో లాలాజలం తీసుకుని, అందులో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎంత పెరిగిందో చూస్తారు. 1993లో జర్మనీలోని ట్రియర్‌లో రూపొందిన పరీక్ష ఇది. ఆ టెన్షన్‌కి చాలామందికి కార్టిసాల్ ఎగబాకుతుంది. ఫిన్లాండ్‌లో నెలలు నిండకుండా, కిలోన్నర లోపు బరువుతో పుట్టి పెద్దవాళ్లయినవారికి ఈ పరీక్ష పెట్టినప్పుడు మాత్రం అది మిగతావారిలో పెరిగినంతగా పెరగలేదు.

వినడానికి ఇది మంచి కబురులా ఉంటుంది. కానీ కార్టిసాల్ అవసరమైనప్పుడు లేవాలి, పని అయ్యాక దిగాలి. ఆ లేవడం, దిగడం ఎక్కడ గాడి తప్పిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి ఐదున్నర వారాల ముందే కొడుకు పుట్టాడు. బరువు రెండు కిలోల పైనే. అయినా ఊపిరితిత్తులు విచ్చుకోక 39 గంటలకే పోయాడు. అంతటివాళ్ల బిడ్డకే ఊపిరి పోయలేని రోజులవి. ఆ తర్వాత న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే వైద్యుడు గొర్రెల మీద పరిశోధన చేస్తూ, స్టెరాయిడ్ ఇస్తే కడుపులోని పిల్ల ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తున్నాయని గమనించాడు. 1972లో ఆయన, పిల్లల వైద్యుడు హోవీ కలిసి గర్భిణుల్లో దాన్ని రుజువు చేశారు. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో చెప్పలేని మందు అది.

ఇక్కడే అసలు ముడి ఉంది. ఆ మందు కార్టిసాల్‌కి దగ్గరి చుట్టం. తల్లి కార్టిసాల్ ఎక్కువగా బిడ్డకు చేరకుండా మాయలో (ప్లాసెంటాలో) ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది. ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ మాత్రం ఆ కాపలా దాటి వెళ్తుంది. వెళ్లాలి కూడా, లేకపోతే పని చేయదు.

పుట్టాక ఇంక్యుబేటర్‌లో మరో ఒత్తిడి మొదలవుతుంది. రక్తం కోసం మడమ మీద సూది, మళ్లీ సూది, ముక్కులో గొట్టం, తల్లి ఒడికి దూరంగా వారాల తరబడి వెలుతురు, చప్పుడు. అంత చిన్న పిల్లలకు నొప్పి తెలియదని చాలామంది డాక్టర్లు నమ్మేవారు. 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆనంద్ అనే వైద్యుడి బృందం, శస్త్రచికిత్సలో సరైన నొప్పి మందు అందని పసికందుల్లో ఒత్తిడి హార్మోన్లు ఎలా ఎగసిపోతాయో చూపించింది. ఆ పిల్లల శరీరాలు చెబుతూనే ఉన్నాయి, వినడానికే ఇంత ఆలస్యమైంది. ఇది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పుట్టిన పురుషుల మీద 1998లో వచ్చిన అధ్యయనం, తక్కువ బరువుతో పుట్టినవారికి అరవైల్లో కూడా ఉదయం కార్టిసాల్ ఎక్కువగా ఉందని తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది మరీ చిన్నగా పుట్టినవాళ్లు కాదు. కిలో లోపు పుట్టినవారి కథ కెనడాలోని ఒంటారియోలో తెలిసింది. అక్కడ 1977 నుంచి 1982 మధ్య అలా పుట్టినవారిని పరిశోధకులు పసితనం నుంచీ వెంబడిస్తూ వచ్చారు. ముప్పైల్లోకి వచ్చేసరికి మద్యం, మత్తుమందుల సమస్యలు వీరిలో తక్కువగా కనిపించాయి. ఇతర మానసిక సమస్యలు మాత్రం ఎక్కువ. కడుపులో ఉండగా స్టెరాయిడ్ అందినవారిలో ఇంకా ఎక్కువ. తప్పు మందుదేనని దీన్నిబట్టి అనలేం, అది లేకుంటే వీరిలో కొందరు బతికేవారే కాదు.

మొదట్లో అందరూ అడిగింది బిడ్డ బతుకుతాడా అనే. తర్వాత నడుస్తాడా, చదువుతాడా అన్నారు. మనసెలా ఉంది అని అడగడానికి దశాబ్దాలు పట్టింది. ఆందోళనతో వచ్చిన ముప్పై ఐదేళ్ల మనిషిని, పుట్టినప్పుడు నీ బరువెంత అని అడిగే డాక్టర్లు ఇప్పటికీ అరుదు. పైగా కిలో లోపు పుట్టి, ఇంతమంది కలిసి నడివయసుకు చేరిన మొదటి తరం వీరిదే. ముందేం వస్తుందో అడిగి తెలుసుకుందామంటే వీరికంటే పెద్దవాళ్లు దాదాపు లేరు.