తల ఎముకలో తిత్తి ఎందుకు వస్తుంది?

పిల్లలూ,

పుర్రె ఎముకలో తిత్తి, అంటే సిస్ట్, ఉందని స్కాన్‌లో తేలితే ఏ పిల్లవాడికైనా ముందు వచ్చే అనుమానం "నేనేం చేశాను?" అని. ఇది అరుదైన సంగతి. కాన్సర్ కాని తిత్తుల విషయంలో చాలావరకు ఆ పిల్లవాడి తప్పేమీ ఉండదు. చదువు టెన్షన్ వల్లో, ఫోన్ చూడటం వల్లో, తల సరిగా రుద్దుకోకపోవడం వల్లో ఇవి రావు. మరి ఎలా వస్తాయో చెబుతాను.

చాలా తిత్తుల కథ పుట్టకముందే మొదలవుతుంది. అమ్మ కడుపులో పిండానికి మూడు, నాలుగు వారాల వయసున్నప్పుడు దాని వీపు వైపు పొర ఒకటి ముడుచుకుని గొట్టంలా మూసుకుంటుంది. ఆ గొట్టమే తర్వాత మెదడు, వెన్నుపాము అవుతుంది. పైన మిగిలింది చర్మమవుతుంది. ఈ రెండూ విడిపోయేటప్పుడో, ఆ తర్వాత పుర్రె ఎముకలు ఏర్పడి అతుకుల దగ్గర దగ్గరయ్యేటప్పుడో, కొన్ని చర్మకణాలు లోపల చిక్కుకుపోతాయి. అక్కడ కూడా అవి తమ పని మానవు. మన ఒంటిమీద చర్మం పైపొర రోజూ కొంచెం కొంచెం రాలి పోతూనే ఉంటుంది. ఎముకలో చిక్కుకున్న చర్మానికి రాలినది బయటికి పోయే దారి లేదు. పొరమీద పొర పేరుకుంటుంది, చుట్టూ ఎముక ఏళ్ల తరబడి మెల్లగా అరుగుతుంది. అందుకే పసితనంలో మొదలైంది పెద్దయ్యాక ఎప్పుడో బయటపడవచ్చు.

చిక్కుకున్నది చర్మం పైపొర ఒక్కటే అయితే దాన్ని ఎపిడెర్మాయిడ్ అంటారు. కోసి చూస్తే లోపల తెల్లగా, మైనం లాంటి పదార్థం ఉంటుంది. 1829లో ఫ్రెంచి వైద్యుడు క్రువేయె దాన్ని ముత్యంతో పోల్చాడు. వెంట్రుకల కుదుళ్లు, నూనె గ్రంథులు కూడా ఉంటే అది డెర్మాయిడ్. అందులో నిజంగానే వెంట్రుకలు దొరుకుతాయి! కనుబొమ బయటి చివర, మాడు దగ్గర ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. రెండూ ఎముకలు కలిసే చోట్లే.

దెబ్బలు కూడా కారణం కావచ్చు, కానీ తక్కువ. లోతుగా గుచ్చుకున్న గాయం చర్మపు ముక్కను లోపలికి నెడితే అక్కడ తిత్తి రావచ్చు. ఇంకొకటి ఎక్కువగా మూడేళ్లలోపు పసివాళ్లలో వచ్చేది. తల ఎముక చిట్లినప్పుడు మామూలుగా అతుక్కుంటుంది. కింద ఉన్న పొర కూడా చిరిగితే మాత్రం, మెదడు గుండె కొట్టుకోవడంతో పాటు అదిరిన ప్రతిసారీ దాని చుట్టూ ఉండే ద్రవం ఆ పగుల్లోకి తోసుకొస్తుంది. పగులు మానే బదులు వెడల్పవుతుంది, వారాలో నెలలో గడిచాక అక్కడ మెత్తటి వాపు కనిపిస్తుంది. పసిపిల్లల తలకు పెద్ద దెబ్బ తగిలి ఎముక చిట్లితే, నొప్పి తగ్గిందని ఊరుకోకుండా మళ్లీ చూపించమనేది ఇందుకే.

రక్తంతో నిండిన గదుల్లా ఉండే తిత్తి మరొకటి, అన్యూరిజమల్ బోన్ సిస్ట్. ఇరవై ఏళ్లలోపు వాళ్లలోనే ఎక్కువ, పుర్రెలో మాత్రం అరుదు. రక్తప్రవాహంలో తేడా వల్ల వస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఈ తిత్తి కణాల్లో చాలాసార్లు యూఎస్‌పీ6 అనే జన్యువు చోటు మారి అతిగా పనిచేస్తుందని 2004లో తేలింది. ఆ మార్పు ఆ ఎముకలో వచ్చేదే. అమ్మానాన్నల నుంచి వచ్చేది కాదు. ఇది కాన్సర్ కాకపోయినా త్వరగా పెరుగుతుంది కాబట్టి వైద్యం ఆలస్యం చేయకూడదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. తలమీద గడ్డ కనిపిస్తే నొక్కొద్దు, గిల్లొద్దు, పిన్నుతో గుచ్చొద్దు. ముక్కుమీదో, నుదుటి మధ్యలోనో, తల వెనక మధ్యలోనో ఉన్న కొన్ని డెర్మాయిడ్లకు మెదడు వైపు సన్నటి దారి ఉంటుంది. చీము పడితే అది లోపలికి పాకవచ్చు. డాక్టర్లు కత్తి పట్టకముందు సీటీ, ఎమ్మారై తీసేది ఆ దారి ఉందో లేదో చూడటానికి కూడా. తీసేటప్పుడు గోడతో సహా తీస్తారు, మిగిలిన పొర మళ్లీ పెరుగుతుంది కనుక.

గడ్డ పెరుగుతున్నా, నొప్పి పెట్టినా, దాన్నుంచి నీరు కారినా, తలనొప్పితో వాంతులైనా దాచుకోకుండా ఆ రోజే ఇంట్లో చెప్పండి.

ప్రేమతో,
మీ తాతయ్య