ఏటా తేదీ మారే స్వాతంత్ర్య దినం

చిరంజీవులకు తాతయ్య దీవించి రాయునది.

మన ఆగస్టు 15 ఎప్పుడూ కదలదు కదా, ఇజ్రాయెల్ స్వాతంత్ర్య దినం మాత్రం ఒక ఏడు ఏప్రిల్‌లో, ఇంకో ఏడు మేలో ఎందుకొస్తుందని అడిగారు. వాళ్ళు దాన్ని యూదుల పంచాంగం చూసి చేసుకుంటారు. మన ఉగాదిలాగే అదీ చంద్రుణ్ణి బట్టి నడిచే లెక్క. అధికమాసం వాళ్ళకూ ఉంది. ఆ లెక్కలో 1948 మే 14 ఇయ్యార్ నెల 5వ రోజు.

ఆ రోజు శుక్రవారం. అక్కడి బ్రిటిష్ పాలన అర్ధరాత్రికి ముగియాలి. కానీ పొద్దుగూకితే సబ్బాతు, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం, మొదలవుతుంది, అప్పుడిక కలం పట్టి సంతకం చేయకూడదు. అందుకని సాయంత్రం 4 గంటలకే టెల్ అవీవ్ మ్యూజియంలో యూదుల నాయకుడు డేవిడ్ బెన్ గురియన్ స్వాతంత్ర్య ప్రకటన చదివేశారు. రబ్బీ, అంటే యూదుల మతగురువు, యెహూదా లైబ్ ఫిష్‌మన్ లేచి, తమను బతికించి ఈ వేళకు చేర్చిన దేవుడికి నమస్కరిస్తూ షెహెహెయాను పలికారు. పండగ వచ్చినా, ఆ ఏటి కొత్త పండు నోట్లో పెట్టుకున్నా చెప్పుకునే ప్రార్థన అది. ఇప్పటికీ సబ్బాతుకు భంగం కలిగేలా ఉంటే తేదీ జరుపుతారు. 2025లో ఇయ్యార్ 5 శనివారం పడితే, గురువారం, మే 1నే చేసేశారు.

దీనికి ముందురోజు యుద్ధాల్లో, దాడుల్లో పోయినవాళ్ళ సంస్మరణ దినం. పొద్దున 11 గంటలకు దేశమంతటా సైరన్ మోగుతుంది. హైవే మీద వెళ్తున్నవాళ్ళు కూడా కార్లు ఆపి, దిగి, రెండు నిమిషాలు తల వంచి నిలబడతారు. యూదుల లెక్కలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది కాబట్టి ఆ సంతాపం వెంటనే పండగలోకి వెళ్తుంది. జెరూసలేంలో హెర్జెల్ కొండ మీద అవనతం చేసిన జెండాను పైకి ఎగరేసి, ప్రాచీన ఇజ్రాయెల్ 12 గోత్రాల పేరిట 12 కాగడాలు వెలిగిస్తారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ సాయంత్రం ఎలా దాటుతుందో నాకు ఊహకందదు.

ప్రార్థనామందిరాల్లో జరిగే వాదన నాకు మరీ ఇష్టం. పెద్ద పండగల్లో చదివే హల్లేల్, అంటే బైబిల్లోని 113 నుంచి 118 వరకు కీర్తనలు, ఈ రోజూ చాలామంది చదువుతారు. దానికి ముందు చెప్పే ఆశీర్వచనంలో దేవుడు ‘మాకు ఆజ్ఞాపించాడు’ అన్న మాట ఉంది. నిన్నమొన్న వచ్చిన పండగకు ఆ మాట అనవచ్చా? ఇదీ ఆయన చేసిన అద్భుతమేనని కొందరు నిండుగా పలుకుతారు. ఆయన పేరు వృథాగా ఎత్తినట్టవుతుందేమోనని కొందరు ఆశీర్వచనం వదిలి, కీర్తనలు మాత్రం చదువుతారు. ఛాందస హరేదీల్లో చాలామందికి అది మామూలు రోజే. నోటికొచ్చినట్టు కాకుండా, ఒక్క వాక్యం కోసం అంత ఆలోచించడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఇక పగలంతా పార్కుల్లో బొగ్గుల కుంపట్ల మీద మాంసం కాలుస్తారు, ఆకాశంలో విమానాల విన్యాసాలు చూస్తారు.

ఇంకొకటి కూడా మీరు తెలుసుకోవాలి. 1948 యుద్ధంలో సుమారు 7 లక్షలమంది పాలస్తీనీయులు ఇళ్ళూ ఊళ్ళూ కోల్పోయారు. వాళ్ళు మే 15ను నక్బా, అంటే మహా విపత్తు, పేరుతో తలుచుకుంటారు. ఈ రెండు రోజుల గురించీ కలిపి చదవండి. సందేహాలుంటే మళ్ళీ రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య