థియేటర్ కమాండ్ల గొడవ: ముడి పడింది రియాద్‌లో

థియేటర్ కమాండ్ల వాదన మళ్లీ రాజుకుంది. ఒక ప్రాంతంలోని ఆర్మీ, నేవీ, వైమానిక దళాలను ఒకే కమాండర్ కింద పెట్టడమే థియేటర్ కమాండ్. సికింద్రాబాద్ సైనిక్‌పురి వాళ్లకు ఇది ఇంటి ముచ్చటే. త్రివిధ దళాల అధికారులు ఒకే తరగతిలో కూర్చునే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉన్నది అక్కడే మరి. కార్గిల్ తర్వాతి కమిటీలు, మూడు దళాల మధ్య సమన్వయానికి 2020లో వచ్చిన సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) పదవి అందరికీ తెలిసినవే. అసలు ముడి 1991లో, సౌదీ రాజధాని రియాద్‌లో పడింది.

గల్ఫ్ యుద్ధంలో ఏ విమానం ఎప్పుడు లేవాలి, ఎక్కడ ఇంధనం నింపుకోవాలి, దేన్ని కొట్టాలి అన్నదంతా ఎయిర్ టాస్కింగ్ ఆర్డర్ అనే ఒకే ఉత్తర్వులో ఉండేది. రోజుకొకటి, వందల పేజీలు. అమెరికా వైమానిక దళం దాన్ని రియాద్‌లో కంప్యూటర్ మీదే తయారుచేసేది. ఆ సిస్టమ్ నుంచి నేరుగా అందుకోవడానికి తగిన శాటిలైట్ పరికరాలు నేవీ విమానవాహక నౌకల్లో లేవు. దాంతో రోజూ కాపీని విమానంలో పెట్టి సముద్రం మీదికి పంపారు. ఉపగ్రహాల కాలంలో కొరియర్ సర్వీసన్నమాట!

యుద్ధమయ్యాక లైన్లు కలిపారు. అయినా తలనొప్పి పోలేదు. ఉత్తర్వు ఫలానా గడిలో సమయం, ఫలానా గడిలో లక్ష్యం అంటూ గీతలతో విడగొట్టిన వరసల్లో ఉంటుంది. ఇంధన విమానం గంట ఆలస్యమైతే ఏ దాడి ఆపాలి, దేన్ని ముందుకు జరపాలి అన్నది ఆ వరసలు చెప్పవు. ఆ లెక్క ప్లాన్ వేసినవాడి బుర్రలో ఉంటుంది. 1990లలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఆర్పా, ఆ దేశ వైమానిక దళానికి చెందిన రోమ్ ల్యాబొరేటరీ కలిసి చేసిన పరిశోధన దీనిమీదే: లక్ష్యం, పని, వనరు, గడువు, వాటి మధ్య లంకె... ఇవన్నీ ఏ కేంద్రంలోని కంప్యూటరైనా ఒకేలా చదవాలని.

ఇక మన సంగతి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ నాటికి ఆర్మీ గగనతల రక్షణ వ్యవస్థ ఆకాశ్‌తీర్, వైమానిక దళం కమాండ్-కంట్రోల్ వ్యవస్థ ఐఏసీసీఎస్ అనుసంధానమై పనిచేశాయి. గొప్ప విషయమే. కానీ అందులో ప్రధానంగా పంచుకున్నది గగనతల చిత్రం. ఆకాశంలో ఏముందో ఇద్దరికీ కనిపిస్తే, తర్వాత ఎవరేం చేస్తారో ఇద్దరికీ తెలిసినట్టు కాదు.

ఒకే కమాండర్ ఉంటే నిర్ణయాలు వేగంగా వస్తాయన్నది థియేటర్ల పక్షం వాదన. అందుకు వెనకాడుతున్న వైమానిక దళం మాటలో బరువు ఎక్కువ. మంజూరైనవి 42 యుద్ధ విమాన స్క్వాడ్రన్లు (దళాలు), ఉన్నవి 30 చుట్టూ. వాటిని థియేటర్లకు పంచేస్తే ఉదయం పశ్చిమాన, సాయంత్రం ఉత్తరాన కావలసిన విమానాలను ఎవరిని అడిగి తేవాలి? 2025 ఆగస్టులో మధ్యప్రదేశ్‌లోని మౌలో వైమానిక దళాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ ఏపీ సింగ్ తొందరొద్దన్నారు, ముందు ఢిల్లీలో సంయుక్త ప్రణాళిక, సమన్వయ కేంద్రం పెట్టి చూద్దామన్నారు. సబబైన మాటే. అయితే అక్కడ వేసిన ప్లాన్ మిగతా కేంద్రాల్లో తెరుచుకోవాలి, మార్పు జరిగిన నిమిషంలో అందరి దగ్గరా మారాలి. లేకపోతే ఢిల్లీ మరో రియాద్ అవుతుంది.

2024 మే 10 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్ సేవా సంస్థల (ఒకటికి మించిన దళాలవాళ్లు కలిసి పనిచేసే సంస్థల) చట్టంతో, అక్కడి కమాండర్ ఏ దళంవాడైనా తన కిందున్న మూడు దళాల సిబ్బందిపై క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. ప్లాన్ ఏ రూపంలో ఉండాలన్నది ఆ చట్టం పరిధిలోకే రాదు.