ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి

బెంగళూరు కె.ఆర్. పురంలో మేముండే ఇంటి మిద్దె మీద మొన్నటిదాకా ఆరు కోళ్లుండేవి. నాలుగేమో మదనపల్లె దగ్గర మా ఊళ్లో పెట్ట పొదిగిన నాటు పిల్లలు, అమ్మ గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. మిగతా రెండు నేను సంతలో కొన్న పెద్ద పెట్టలు. ఒకరోజు పొద్దున్నే పైకెళ్తే రాగి (రంగు చూసి పిల్లలు పెట్టిన పేరు) నీళ్ల తొట్టి పక్కన పడుంది. ఒక కాలు ముందుకి చాచి, ఇంకోటి వెనక్కి చాచి, లేవబోయి ఒక పక్కకి ఒరిగిపోతోంది. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి, గిన్నె ముందు పెడితే ఆకలిగా తింటోంది. నాలుగున్నర నెలల పెట్ట, ఇంకొన్ని వారాల్లో గుడ్డు పెట్టాల్సింది.

అరగంటలో అందరూ డాక్టర్లయిపోయారు. కింద ఇంటి ఆంటీ కాల్షియం తక్కువంది, మా ఆవిడ పిట్టగోడ మీంచి దూకి కాలు బెణికిందంది, అమ్మ మాత్రం తేల్చి చెప్పేసింది: "కొక్కెర తెగులు నాయనా, ఇంక అన్నీ పోతాయి." నవ్వడానికి లేదు, ముగ్గురు చెప్పినవీ జరిగేవే. మనిషికి జ్వరం ఎన్ని కారణాలతో వస్తుందో కోడికి కాళ్లు ఇంచుమించు అన్ని కారణాలతో పడిపోతాయి, కంగారులో చేతికందిన యాంటీబయోటిక్ నీళ్లలో కలిపేస్తే డబ్బు దండగ, ఒక్కోసారి అసలు సంగతి కూడా మరుగున పడిపోతుంది.

అమ్మ అనుమానంతోనే మొదలుపెడదాం. కొక్కెర తెగులంటే రాణిఖెట్ వ్యాధి. 1926లో జావాలోనూ ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లోనూ, ఆ మరుసటి ఏడు మన కుమావూ కొండల్లోని రాణిఖెట్‌లోనూ కనిపించింది, అందుకే ప్రపంచమంతా న్యూకాజిల్ అంటే మనం రాణిఖెట్ అంటాం. ఇది వస్తే ఒక్క కాలితో ఆగదు. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తాయి, రెట్ట ఆకుపచ్చగా నీళ్లలా పడుతుంది, బతికి బయటపడ్డవాటికి మెడ మెలితిరిగిపోతుంది, రెండు మూడు రోజుల్లో గూడు గూడంతా అంటుకుంటుంది. రాగికి ఇవేవీ లేవు, మిగతా ఐదూ హాయిగా తిరుగుతున్నాయి. (ఒకేసారి చాలా కోళ్లు చచ్చిపోతే మాత్రం వాటిని ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాఖకు చెప్పాలి. బర్డ్ ఫ్లూ కూడా అలాగే మొదలవుతుంది, 2012లో బెంగళూరు పక్కనే ఉన్న మన హెసరఘట్ట దాకా వచ్చిందది.)

హెబ్బాళ పశువైద్య కళాశాలకి అట్టపెట్టెలో తీసుకెళ్తే, డాక్టరు కాలు పట్టుకోకముందే అడిగిన ప్రశ్న: "ఏం మేపుతున్నారు?" నేను కాస్త గర్వంగానే చెప్పాను, మందులూ మాకులూ లేని ఇంటి తిండి, మిగిలిన అన్నం, కాస్త రాగులు అని. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఎందుకు నవ్వారో ఇంటికొచ్చి చదివితే తెలిసింది.

జావాలో డచ్చివాళ్ల కాలంలో సైనికులకీ ఖైదీలకీ బెరిబెరి వచ్చి కాళ్లు చచ్చుబడి చచ్చిపోతుంటే, దాని క్రిమిని పట్టుకోవడానికి క్రిస్టియాన్ ఐక్మాన్ అనే డాక్టరు బటావియా (ఇప్పటి జకార్తా) ఆసుపత్రిలో కోళ్ల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1890 ప్రాంతంలో ఆ కోళ్లకి కాళ్లు పడిపోయాయి. జబ్బు ఎక్కించినవాటికీ, ఎక్కించనివాటికీ కూడా! కొన్నాళ్లకి వాటంతటవే లేచి తిరిగాయి. తీగ లాగితే డొంకంతా వంటగదిలో కదిలింది. కొన్ని నెలలుగా కోళ్లకి సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం పెడుతున్నారు, కొత్తగా వచ్చిన వంటాయన సైనికుల బియ్యం ఊరి కోళ్లకెందుకని ఆపేశాడు, దాంతో పాత ముడిబియ్యానికి మారగానే జబ్బు పోయింది. తవుడులో ఉన్నదేదో తెల్లబియ్యంలో లేదని అలా బయటపడింది. అదే మనం ఇప్పుడు థయామిన్ అనే విటమిన్ బి1. 1929లో ఐక్మాన్‌కి నోబెల్ వచ్చింది, వంటాయనకి ఏమొచ్చిందో ఎవరూ రాయలేదు.

ఈ లోపం ముదిరితే కోడి తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తూ కూర్చుంటుంది. బి2 తక్కువైతే అది ఎక్కువగా చిన్న కోడిపిల్లల్లో కనిపిస్తుంది, వేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద నడుస్తాయి. రెండూ తొందరగా గుర్తిస్తే తిరిగొస్తాయి, బి1 అయితే కొన్ని గంటల్లోనే తేడా తెలుస్తుంది. అందుకే కాళ్లు పడిపోయిన కోడికి ముందు బి కాంప్లెక్స్ చుక్కలు వేసి చూడటంలో నష్టం లేదు, ఎక్కువైనది చాలావరకు రెట్టలో పోతుంది. చచ్చిన ఎలుకనో దానికి పట్టిన పురుగులనో తిని బోటులిజం (కుళ్లినవాటిలో పుట్టే విషం ఎక్కడం) వచ్చిన కోడి వేరేగా ఉంటుంది. ముందు కాళ్లు, తర్వాత రెక్కలు, చివరికి మెడ కూడా తడిగుడ్డలా వాలిపోతుంది.

రాగికి మూడు రోజులు చుక్కలు వేశాం. ఏమీ మారలేదు. ఆ ముందుకొకటి వెనక్కొకటి చాచిన భంగిమ చూసి డాక్టరు మొదట్నుంచీ అనుమానించింది మారెక్స్ వ్యాధిని.

1907లో బుడాపెస్ట్‌లో యోజెఫ్ మారెక్ అనే పశువైద్యుడు నాలుగు పుంజులకి ఇలాగే కాళ్లూ రెక్కలూ పడిపోతే కోసి చూసి, నరాలు ఉబ్బి ఉన్నాయని రాశాడు. దానికి కారణం ఒక హెర్పిస్ వైరస్ అని తెలియడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. ఈ వైరస్ రక్తంలో రోగాలతో పోరాడే టి కణాల్లో దాక్కుని కొన్నిటిని క్యాన్సర్ కణాలుగా మార్చేస్తుంది, అవి గుంపులుగా పోయి నరాల్లోనూ, కాలేయంలోనూ, గుడ్ల సంచిలోనూ పేరుకుంటాయి. తొడ వెనక నరంలో పేరుకుంటే కాలు పోతుంది, మెడ నరంలో అయితే మేత కిందికి దిగదు, కంట్లో అయితే కనుపాప చుట్టూ ఉండే రంగు భాగం బూడిదరంగుకి తిరుగుతుంది. ఎక్కువగా నెలన్నర నుంచి ఏడు నెలల లోపు కోళ్లనే పట్టుకుంటుంది, సరిగ్గా మనం పెంచి పెద్దచేసి గుడ్డు కోసం ఎదురుచూసే వయసు.

నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకోటుంది. ఈ వైరస్ ఇంకో కోడికి అంటుకునే రూపంలో తయారయ్యేది ఈకల మొదళ్లలో. చర్మం పొట్టుతో, ఈకల నూగుతో కలిసి దుమ్ములో నెలల తరబడి బతుకుతుంది, ఆ దుమ్ము పీల్చిన ప్రతి కోడికీ ఎక్కుతుంది, ఎక్కిందంటే జీవితాంతం ఉంటుంది. పైకి నిక్షేపంగా ఉన్న కోడి కూడా దుమ్ము రాలుస్తూనే ఉంటుంది. నా సంత పెట్టలు అలాంటివే కావచ్చు, నాటు పిల్లలతో పాటు ఊరినుంచే వచ్చినా రావచ్చు. మనుషులకి మాత్రం ఇది రాదు.

టీకా ఉంది. 1970ల మొదట్లో, కోడికి హాని చేయని టర్కీ కోళ్ల హెర్పిస్ వైరస్‌తో తయారుచేశారు, ఏ ప్రాణిలోనైనా క్యాన్సర్‌ని ఆపిన మొదటి టీకాలు ఈ వ్యాధివే. కానీ ఇది జబ్బుని ఆపుతుంది, వైరస్ ఎక్కడాన్ని ఆపదు. 2015లో ఆండ్రూ రీడ్ అనే శాస్త్రవేత్త బృందం చూపించిన విషయం నాకు ఒళ్లు జలదరించేలా చేసింది: మరీ ఘాటైన రకం వైరస్ ఎక్కితే టీకా లేని కోడి పది రోజుల్లోపే చచ్చిపోతుంది, పంచడానికి టైమే ఉండదు, టీకా పడ్డ కోడి బతికి వారాల తరబడి వైరస్‌ని వెదజల్లుతుంది, పక్కనున్న టీకా లేని కోళ్లు చస్తాయి. పైగా గుడ్డు పగిలిన మొదటిరోజే వేయాలి. బుడ్డి వెయ్యి డోసులది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, నాలుగు కోడిపిల్లలున్న మాలాంటివాళ్లు ఏం చేస్తారు? అందుకే ఊళ్లో పెట్ట కింద పుట్టిన పిల్లలకి ఇది పడదు. రాగికీ పడలేదు.

దీనికి మందు లేదని తెలిశాక కూడా పదకొండు రోజులు చూసుకున్నాం. పాత చీరకి కాళ్లు దూరేలా రెండు చిల్లులు పెట్టి బకెట్ అంచులకి ఉయ్యాలలా కట్టాం, ఎప్పుడూ ఒకే పక్క పడుంటే రొమ్ము మీద పుళ్లు పడతాయి కాబట్టి. రోజూ గోరువెచ్చని నీళ్లతో వెనక కడిగాం, లేకపోతే ఈగలు వాలి పురుగు పడుతుంది. మిగతా కోళ్లకి దూరంగా పెట్టింది అంటుకుంటుందని కాదు, ఆ పని ఎప్పుడో అయిపోయుంటుంది. లేవలేనిదాన్ని అవి తల మీద పొడిచేస్తాయి, అందుకు. తొమ్మిదో రోజు రెండో కాలు కూడా చచ్చుబడింది, చేత్తో తడిమితే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది, తిండి మానేసింది. పదకొండో రోజు హెబ్బాళలోనే ఇంజెక్షన్ ఇప్పించాం. నాలుగు రోజులు ముందే ఇప్పించాల్సిందని నాకిప్పుడు అనిపిస్తుంది, ఆ నాలుగు రోజులూ దాని కోసం కాదు, మా పిల్లల ఏడుపు చూడలేక లాగాను.

కోసి చూపించమని నేనే అడిగాను. మామూలు నరం తెల్లగా మెరుస్తూ సన్నటి అడ్డగీతలతో ఉంటుందట. కుడి తొడలో అలాగే కాస్త పోలిక ఉంది, ఎడమ తొడలోది దానికి రెండింతల లావు, పసుపు బూడిద రంగు, గీతల్లేవు.

తర్వాత ఇంకో నాటు పెట్ట కూడా పోయింది. నలుగురు మిగిలారు. మా పెట్టతోనే పొదిగిద్దామని అమ్మ పట్టుబట్టింది. గుడ్డు లోపలినుంచి ఈ వైరస్ రాదు, నిజమే, కానీ పొదిగే పెట్ట రెక్కల కిందే ఉంది కదా ఆ దుమ్మంతా. చివరికి టీకా వేసిన గిరిరాజ (పెరట్లో పెంచుకునే ఒక కోళ్ల రకం) పిల్లల్ని ఆరింటిని తెచ్చాం. టీకా పట్టడానికి ఎలా లేదన్నా ఒకటి రెండు వారాలు కావాలి కాబట్టి అవి కింద బాత్రూంలో బల్బు కింద అట్టపెట్టెలో ఉన్నాయి. నేను పొద్దున ముందు వాటికి మేతేసి, ఆ తర్వాతే మిద్దె ఎక్కుతాను, పైనున్నవాటి పని ముగించుకుని దిగి స్నానం చేసి, చొక్కా, చెప్పులు మార్చుకుంటేగానీ మళ్లీ ఆ బాత్రూం తలుపు తీయను. తాతగారు కూడా ఇంత మడి కట్టుకోలేదని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.